రోహ్‌తంగ్ కొంచెం పడమటికి

జోగయ్య బావ అనే మనిషిని నేనెన్నడూ చూడలేదు. అయినా ఈ భూమ్మీద నాకు బొత్తిగా గిట్టనివాళ్లలో ఆయనే మొదటివాడు. అశోక్‌నగర్‌లో ఏ సందులోకి తిరిగినా, ఏ హాస్టల్ మెట్ల దగ్గర ఆగినా, చిక్కడపల్లి లైబ్రరీ ఆవరణలో ఏ చెట్టు కింద నిలబడ్డా ఆయన గొడవే. "జోగయ్య బావ రోజూ షికారు మాని నీతులు లింగయ్యకు నాలుగు జెప్పి బోయిండు." పోటీ పరీక్షలకు చదివే పిల్లలు కళ్లు మూసుకుని, ముందుకూ వెనక్కూ ఊగుతూ ఈ వాక్యాన్ని జపిస్తుంటారు. జో అంటే జోజిలా, బా అంటే బారాలాచా, రో అంటే రోహ్‌తంగ్, షి అంటే షిప్కీలా. అలాగే మానా, నీతి, లిపులేఖ్, నాథులా, జెలెప్‌లా, ఆఖరికి అరుణాచల్‌లోని బోమ్డిలా. హిమాలయాల్లో ఉన్న కనుమలు పడమర నుంచి తూర్పుకు వరసగా వచ్చేశాయట. దీన్ని ఇక్కడ కోడ్ అంటారు.

మంచు, గాలి, ఊపిరాడని ఎత్తు, గొర్రెల మందలతో ఆ ఎత్తును దాటిపోయిన మనుషులు, చలికాలమంతా మూసుకుపోయే దారులు. వీటన్నిటినీ పనీపాటా లేని ఒక బావ నోట్లో కుక్కిన మహానుభావుడు ఎవరో గానీ, కనిపిస్తే నాలుగు కడిగేసేదాన్ని. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అనలేదు పెద్దవాళ్లు.

నేను జాగ్రఫీ చెబుతాను. నారాయణగూడలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో చాలా ఏళ్లు చెప్పాను. అది మూతపడ్డాక అశోక్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో చేరాను. కింద జిరాక్స్ షాపు, పక్కన దోసెల బండి, రెండో అంతస్తులో మా హాలు. నాకు కోపం ఎక్కువని పిల్లలు అనుకుంటారు. మెట్ల మీద నా చెప్పుల చప్పుడును బట్టి ఆ రోజు కోపం ఏ పాటిదో లెక్క కడతారని కూడా విన్నాను. అనుకోనీ. కోపం రావలసిన చోట రాకపోతే అది మనిషికి జబ్బు కింద లెక్క.

నా క్లాసులో ఎవరికీ పేరుండదు. బ్యాచ్ మొదలైన కొత్తలోనే ఒక్కొక్కరికి ఒక్కో కనుమో శిఖరమో ఇచ్చేస్తాను. పరీక్ష అయ్యేదాకా అదే పేరు. బోర్డు ఉన్న గోడ ఉత్తరం. ట్యాంక్‌బండ్ వైపు కిటికీ పడమర. క్రాస్‌రోడ్స్ వైపు తలుపు తూర్పు. బెంచీలన్నీ వెనక్కి నెట్టించి, ఆ ఖాళీలో హిమాలయాలను నిలబెడతాను. పొడుగు పిల్లలంతా శిఖరాలు. కిటికీ దగ్గర నంగపర్బత్, నడుమ నందాదేవి, తలుపు దగ్గర కాంచనగంగ. శిఖరాలకు పెద్ద పనేమీ ఉండదు, చేతులు కట్టుకుని నిలబడటమే. పనంతా కనుమలది. కనుమంటే కొండ కొస కాదు. రెండు కొండల నడుమ కాస్త తగ్గి మనిషికి దారి ఇచ్చే చోటు. అది ఎక్కడి నుంచి ఎక్కడికి దారి ఇస్తుందో, ఎప్పుడు ఇవ్వనంటుందో తెలియకుండా దాని పేరొక్కటే చెబితే నేను ఒప్పుకోను.

"పుష్యమాసం వచ్చింది" అంటే జోజిలా ఉన్న చోటే చతికిలబడాలి, మంచుకు దారి మూసుకుపోయినట్టు. షిప్కీలా కాళ్ల పక్కగా ఎవరిదో ఒక నీలం చున్నీ పరుస్తాం. అది సట్లెజ్ నది. దాన్ని తొక్కినవాడికి ఆ పూట టీ లేదు. ఎవరైనా నవ్వచ్చు. కానీ ఇప్పటికీ ఎక్కడో నల్గొండ వైపు నుంచి పంచాయతీ కార్యదర్శి ఒకతను ఫోన్ చేసి, "మేడం, నేను లిపులేఖ్‌ను మాట్లాడుతున్న" అంటాడు. అసలు పేరేమిటో నాకు తెలియదు.

మీరు చూసిన్రా మేడం ఆ కొండలు అని అడుగుతారు పిల్లలు. అన్నీ చూడలేదు. ఒకసారి మా ఆయన ఆఫీసు వాళ్లిచ్చిన టూరులో మనాలి వెళ్లాం. రోహ్‌తంగ్ ఎక్కాం. ఎవరెవరో తొడిగి విడిచిన అద్దె కోటు, అందులో వాళ్లందరి చెమట కంపు. పైన బురదలో కలిసిన మంచు, హారన్లు, మ్యాగీ బండ్లు. మా గుంపంతా మంచు ముద్దలు విసురుకుంటుంటే నేను వాళ్లకు వీపు పెట్టి ఉత్తరానికి తిరిగి నిలబడ్డాను. అవతల లాహౌల్. చెట్టన్నది లేని కొండలు ఒకదాని వెనక ఒకటి, కింద మట్టిరంగు, పైన తెలుపు. అటువైపు చాలా దూరాన, కాస్త నా కుడిచేతి వైపుకు బారాలాచా ఉంటుంది. కనిపించదు. అయినా కుడిచేతి వైపే ఉంటుంది. ఉత్తరానికి తిరిగి నిలబడ్డ మనిషికి కుడిచెయ్యి తూర్పు కదా. అంటే పడమర నుంచి లెక్కపెడితే ముందు రోహ్‌తంగ్, ఆ తర్వాతే బారాలాచా. జోగయ్య బావ కోడ్‌లో బా ముందు, రో వెనక. తప్పు.

ఆ తప్పు ఎలా వచ్చిందో కూడా నాకు తెలుసు. లేహ్ నుంచి మనాలికి రోడ్డు మీద దిగి వచ్చేవాళ్లకు ముందు బారాలాచా తగులుతుంది, తర్వాత రోహ్‌తంగ్. రోడ్డు వరసను చూసి దిక్కుల వరస అనుకున్నాడు ఆ కోడ్ రాసిన పెద్దమనిషి. రోడ్డు మెలికలు తిరుగుతుంది, దిక్కులు తిరగవు. ఆ మాటే మా డైరెక్టర్ సార్‌కు చెప్పాను, ఆయన ఆ కోడ్‌ను మా మెటీరియల్లో అచ్చు వేయించబోతున్నప్పుడు. ఆయన నవ్వాడు. అంత సన్న విషయం ఎవరడుగుతారు మేడం, పిల్లలకు కావాల్సింది బిట్లు గానీ కొండలు కావు అన్నాడు. వేయించేశాడు కూడా. పసుపు అట్ట పుస్తకం, దాని మీద ఆయన ఫోటో. హిమాలయాలు లోపలెక్కడో ఒక మూల.

ఆ పుస్తకం అచ్చయిన ఏడాది బ్యాచ్‌లో రోహ్‌తంగ్‌ను ఒక పాలమూరు పిల్లకు ఇచ్చాను. మహబూబ్‌నగర్ జిల్లా నుంచి పనికోసం వచ్చి కవాడిగూడ బస్తీలో ఉంటున్న కుటుంబం. తల్లి అపార్ట్‌మెంట్లు కట్టే చోట కూలికి పోతుంది. తండ్రి మేస్త్రీ. కట్టడం మీద నుంచి పడి నడుము పోయి ఇంట్లోనే ఉంటున్నాడు. ఒక్క గది ఇల్లు. అందుకని ఈ పిల్ల పొద్దున్నే లైబ్రరీ గేటు తీయకముందే వచ్చి నిలబడేది. ఇంట్లో ఒక మాట అనుకున్నారు. ఈ నోటిఫికేషన్ దాకా చదువు. ఉద్యోగం వస్తే సరే, రాకపోతే కోఠిలో చీరల షాపులో పని. షాపాయనకు చెప్పి ఉంచారు కూడా. ఆ సంగతి ఆమె నాతో మామూలుగా, వానొస్తే గొడుగు తెచ్చుకుంటానన్నట్టు చెప్పింది. వినగానే నాకు ఒళ్లు మండింది. ఎవరి మీద అని అడిగితే చెప్పలేను.

బారాలాచా వరంగల్ వైపు పిల్ల, అశోక్‌నగర్‌లోనే హాస్టల్లో ఉండేది. ఇద్దరిదీ ఒకే టిఫిన్ డబ్బా, ఒకే చోటు. లైబ్రరీలో ముందు వచ్చినవాళ్లు రెండోవాళ్ల కోసం కుర్చీ మీద నీళ్ల బాటిల్ పెట్టి ఉంచుతారు. ఆ బాటిల్‌ను ఎవరూ కదిలించరు, అదొక కట్టుబాటు. ఈ ఇద్దరి మధ్య బాటిల్ ఎవరిదో నాకెప్పుడూ అర్థమయ్యేది కాదు.

క్లాసులో నిలబడమంటే రోహ్‌తంగ్ పోయి స్నేహితురాలి ముందర సరిగ్గా ఎదురుగా నిలబడేది. నేను అరిచేదాన్ని, జర ట్యాంక్‌బండ్ దిక్కు జరుగు అని. మొదటిరోజు ఎందుకు మేడం అని అడిగింది. చెప్పాను. మనాలి కథంతా చెప్పాను, కంపు కోటుతో సహా. ఆ తర్వాత నేను అరవకముందే కిటికీ వైపు ఒక అడుగు వేసి, ఇప్పుడు సరేనా అన్నట్టు నా ముఖం చూసేది. క్లాసంతా నవ్వేది. బారాలాచా అయితే, "మీ ట్యాంక్‌బండ్ మీకు ముబారక్" అనేది.

పరీక్ష అయింది. కొన్నాళ్లకు ప్రాథమిక కీ వచ్చింది. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. పరీక్ష పెట్టినవాళ్లు ముందు తమ జవాబులు బయటపెడతారు. తప్పు అనుకుంటే రాసినవాళ్లు ఆధారం చూపి అభ్యంతరం పెట్టుకోవచ్చు. ఆ గడువు కొద్ది రోజులే. ఆ రోజుల్లో అశోక్‌నగర్‌లో టీ బండ్ల దగ్గర కూడా టీ తాగడం కనిపించదు, ఫోన్లలో తలలు దూర్చి లెక్కలు చూసుకోవడమే.

ఆ సాయంత్రం రోహ్‌తంగ్ మా ఇంటికి వచ్చింది. చిక్కడపల్లిలో మా ఇల్లు కనుక్కుని రావడం అదే మొదటిసారి. కూర్చోమన్నా కూర్చోలేదు. ఫోన్ నా చేతికిచ్చింది. ప్రశ్న చదివాను. కింది కనుమలను పడమర నుంచి తూర్పుకు వరసగా అమర్చండి. జోజిలా, బారాలాచా, రోహ్‌తంగ్, షిప్కీలా. కీ ప్రకారం సరైన జవాబు సరిగ్గా అదే వరస. జోగయ్య బావ వరస.

"నేను ఎట్ల పెట్టిన్నో తెలుసు గద మేడం" అంది.

తెలుసు. కిటికీ వైపు ఒక అడుగు వేసి పెట్టింది.

ఆ కోడ్ అచ్చయినప్పుడు వచ్చిన కోపం వేరు, ఇది వేరు. అంత సన్న విషయం ఎవరడుగుతారన్నాడు మా సార్. అడిగారు. అడిగినవాళ్లకే తెలియదు. ఆ ప్రశ్న తయారుచేసిన మనిషి కూడా ఒకప్పుడు ఇలాంటి హాలులో, ఇలాంటి బెంచీ మీద కూర్చుని కళ్లు మూసుకుని ఊగినవాడే అయి ఉంటాడని నా అనుమానం. ఎన్నడూ పటం తెరవకుండా ఒకడు చెప్పాడు, పటం తెరవకుండా ఒకడు నేర్చాడు, పటం తెరవకుండానే ప్రశ్న వేశాడు. పటం చూసిన ఒక్క పిల్ల తప్పు రాసినట్టు తేలింది.

ఆధారం కావాలి. ఫోన్లో కనిపించే పటం పనికిరాదట, అచ్చయిన ప్రామాణిక గ్రంథం చూపాలట. పాఠ్యపుస్తకాల్లో కనుమల పేర్లున్నాయి గానీ దిక్కుల ఊసు లేదు. వాటిలో హిమాచల్ పటం తపాలా బిళ్లంత. ఆదివారం కోఠికి వెళ్లాను. ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల వాళ్ల దగ్గర ఎండలో కూర్చుని దొంతరలు తీయించాను. ఏం కావాలమ్మా అంటే కొండలు కావాలన్నాను. ఆ మనిషి నన్ను ఎగాదిగా చూసి, ఇంజనీరింగ్ కట్టల కింద నుంచి ఒక పెద్ద అట్లాస్ లాగాడు. అట్ట ఊడిపోయింది, ఒక మూల చెదలు తిన్నది. హిమాచల్ పేజీ మాత్రం బాగుంది. రేఖాంశాలు సన్నటి నీలం గీతల్లో ఉన్నాయి. అక్కడే, జనం తోసుకుంటూ పోతుంటే, స్కేలు పెట్టి చూశాను. రోహ్‌తంగ్ పడమరనే ఉంది. కొండలు మోసం చేయలేదు. పెద్దగా నవ్వొచ్చింది నాకు.

ఆ నవ్వు ఎంతోసేపు లేదు. అభ్యంతరం సంగతి ఎలా పొక్కిందో, మర్నాడు లైబ్రరీ ఆవరణలో మా బ్యాచ్ అంతా నన్ను చుట్టుముట్టింది. జోజిలా, నీతి, నాథులా, చేతులు కట్టుకున్న శిఖరాలు కూడా. వాళ్లంతా పుస్తకంలో ఉన్నట్టే రాశారు. నా క్లాసులో నిలబడి, నా చేత అరిపించుకుని, చివరికి పరీక్షలో జోగయ్య బావను నమ్ముకున్నారు. ఎందుకురా అని అడిగాను. అచ్చులో ఉన్నది గద మేడం అన్నారు. అచ్చులో ఉంటే పటం కూడా జరుగుతుందా అన్నాను. అందరి తరఫునా బారాలాచా మాట్లాడింది.

"మేడం, అందరం గట్లనే పెట్టినం. కీ మారితే అందరి మార్కు పోతది. ఒక్కదాని కోసం ఇంతమందిని ముంచుతరా?"

నేను ఏం అనేదాన్నో నాకే తెలియదు, మంచి మాట మాత్రం అయ్యుండేది కాదు. ఈలోగా వెనక నుంచి రోహ్‌తంగ్ అంది, గొంతు పెంచకుండా.

"నేను రాసింది తప్పైతే ఊకుంటుంటి. తప్పు కాదు గద."

"మాకు ఇండ్లు లేవా? మాకు అమ్మానాయినలు లేరా?" అంది బారాలాచా. ఏడుస్తోంది. ఆమె ఏడుపు కూడా దొంగ ఏడుపు కాదు, అదే నా కడుపు మండించింది. పసుపు అట్ట పుస్తకం వేసినవాడు ఎక్కడో ఏసీ గదిలో హాయిగా ఉంటే, ఒకే డబ్బాలో తిన్న పిల్లలు ఇక్కడ చెట్టు కింద ఒకరి నోటికాడి కూడు ఒకరు లాక్కోవాల్సి వచ్చింది. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని గుంపులో ఎవడో గొణిగాడు. ఎవడో చూడకుండానే వాణ్ణి నోరు మూసుకోమన్నాను.

అదే రోజు డైరెక్టర్ సార్ పిలిపించాడు. అప్పటికే క్రాస్‌రోడ్స్ దగ్గర పెద్ద ఫ్లెక్సీ కట్టించాడు, జాగ్రఫీ బిట్లన్నీ మన మెటీరియల్ నుంచే అని. నాకు టీ తెప్పించాడు. చాలా మర్యాదగా మాట్లాడాడు. మర్యాదగా మాట్లాడేవాళ్ల దగ్గర నాకు భయం ఎక్కువ.

"కీ మన పుస్తకంతోని కలిసింది మేడం. దేవుడిచ్చింది అనుకోవాలె. మీరెందుకు గెలుకుతున్నరు?"

తప్పు అచ్చు వేశారు, ఆ తప్పును ప్రభుత్వం జవాబు చేసింది, ఇప్పుడు మీ తప్పు తప్పు కాకుండా పోయింది, అంతేగా సార్ అన్నాను. అంతే మేడం, మీరు సరిగ్గా పట్టుకున్నరు అన్నాడు, నిజంగానే సంతోషించి. టీ అక్కడే వదిలేసి వచ్చాను. ఉద్యోగం కూడా వదిలేసి రావాల్సింది అని మా ఆయన అన్నాడు. ఎక్కడికి పోవాలి? పక్క వీధిలో సెంటర్ వాళ్లదీ అదే కోడ్. అట్ట రంగు నీలం, అంతే తేడా.

ఆ పిల్ల అభ్యంతరం పెట్టింది. జిరాక్స్ షాపులో అట్లాస్ పేజీని స్కేలుతో సహా స్కాన్ చేయించి, ఇంత పొడుగు వివరణ ఇద్దరం కలిసి రాసి పంపాం. వద్దనుకుంటే మానెయ్ అని చివరిదాకా చెప్పాను. ఆమె మానలేదు. మర్నాటి నుంచి లైబ్రరీలో ఆమె కుర్చీ మీద నీళ్ల బాటిల్ లేదు. అది కూడా ఆమె చెప్పలేదు. నేనే చూశాను. ఆవరణలో చెట్టు కింద నేల మీద కూర్చుని చదువుకుంటోంది, ఇక చదవడానికి పరీక్షేమీ లేకపోయినా.

తుది కీ వచ్చింది. చాలా ప్రశ్నలకు జవాబులు మార్చారు. కనుమల ప్రశ్నకు మార్చలేదు. నిపుణులు పరిశీలించారట. ఏం పరిశీలించారో, ఏ పటం చూశారో, ఎందుకు కాదన్నారో ఒక్క ముక్క లేదు. నేను ఇంట్లో ఆ అట్లాస్‌ను నేల మీద పరిచి మళ్లీ స్కేలు పెట్టాను, పిచ్చిదానిలా. ఒక్కోసారి అంతమంది ఒక మాట అంటే మన కళ్ల మీద మనకే అనుమానం వస్తుంది. రోహ్‌తంగ్ పడమరనే ఉంది. ఎవరికి చెప్పను? ఇందిరాపార్క్ దగ్గర ధర్నా చేస్తామా, కొండను దాని చోట ఉండనివ్వండి అని?

ఫలితాలు వచ్చినప్పుడు ఆమె ఒక్క మార్కు దగ్గర ఆగిపోయింది. ఏ మార్కో నేను మళ్లీ చెప్పనక్కర్లేదు. బారాలాచాకు ఉద్యోగం వచ్చింది. పెద్ద స్వీటు డబ్బా పట్టుకుని క్లాసుకు వచ్చి నా కాళ్లకు దండం పెట్టింది. ఆ పిల్ల మీద కోపం తెచ్చుకోవాలని చాలా ప్రయత్నించాను, రాలేదు. చదివింది, కష్టపడింది, పుస్తకంలో ఉన్నది రాసింది. ఆమె చేసిన నేరమేమిటి? స్వీటు మాత్రం తినలేకపోయాను. పర్సులో పెట్టుకుని, ఇంటికి వచ్చే దారిలో ఒక ఆవుకు పెట్టాను. వారం తిరక్కుండా ఫ్లెక్సీ మీద ఆమె ఫోటో వచ్చింది, సార్ ఫోటో కన్నా చిన్నది.

కొత్త బ్యాచ్ మొదలైంది. కొత్త పిల్లలు, కొత్త బ్యాగులు, ఆ బ్యాగుల్లో మళ్లీ పసుపు అట్ట. బెంచీలు నెట్టించి హిమాలయాలను నిలబెడుతున్నాను. రోహ్‌తంగ్‌ను ఈసారి ఒక సన్నటి పిల్లకు ఇచ్చాను, సిద్దిపేట వైపు నుంచి వచ్చింది. పోయి సరిగ్గా బారాలాచాకు ఎదురుగా నిలబడింది. జర ట్యాంక్‌బండ్ దిక్కు జరుగమ్మా అన్నాను. జరిగింది గానీ చేతిలో పుస్తకం తెరిచింది. ఈ పిల్లలు నన్ను ఎదిరించాలని అడగరు. నిజంగానే తెలియక అడుగుతారు.

"మేడం, పోయిన పరీక్షల బారాలాచానే ముందు ఇచ్చిన్రు గద. నేనేడ నిలబడాలె? కొండ ఉన్న కాడనా, కీ ఉన్న కాడనా?"

క్లాసులో ఎవరూ నవ్వలేదు. నాకు కోపం వచ్చింది. దాన్ని ఆ పిల్ల మీద పడనివ్వకూడదని ముఖం తలుపు వైపు తిప్పుకున్నాను. అప్పుడు తలుపు దగ్గర నా పాత రోహ్‌తంగ్ కనిపించింది. చీరల షాపు వాళ్లిచ్చిన మెరూన్ చీర కట్టుకుని ఉంది, జాకెట్టుకు షాపు బ్యాడ్జి. చంకలో ఫలితాలప్పుడు నా దగ్గర అడిగి పట్టుకుపోయిన అట్లాస్, ఊడిన అట్టకు నీటుగా గుడ్డ అంటించి. తిరిగి ఇవ్వడానికి వచ్చిందట, డ్యూటీకి పోతూ. ఎంతసేపటి నుంచి అక్కడ నిలబడి ఉందో, మాటలన్నీ విన్నది.

చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. అట్లాస్ నా బల్ల మీద పెట్టింది. కొత్త పిల్ల దగ్గరికి పోయి భుజం మీద చెయ్యి వేసింది. నేను అనుకున్నాను, కిటికీ వైపు ఇంకొంచెం జరుపుతుందని. అలా జరపడం ఆమెకు తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు.

ఆమె ఆ పిల్లను తలుపు వైపు జరిపింది. తూర్పుకు, బారాలాచాను దాటేదాకా.

"ఈడ నిలబడు చెల్లె. మేడం చెప్పిందే నిజం, అది మనసుల పెట్టుకో. పరీక్షల బబ్లింగు మాత్రం కీ ల ఉన్నట్టు చెయ్యి. నీకు నౌకరీ కావాలె గద."

నా వైపు చూడలేదు. బస్సు టైమైంది మేడం అని నేలకు చెప్పి, చెప్పులు తొడుక్కుని మెట్లు దిగిపోయింది. కిటికీలోంచి చూస్తే మెరూన్ చీర జిరాక్స్ షాపు ముందు నుంచి క్రాస్‌రోడ్స్ వైపు పోతోంది.

నేను పోయి ఆ కొత్త పిల్ల భుజం పట్టుకున్నాను. గట్టిగానే పట్టుకున్నాను, నొప్పి పుట్టి ఉంటుంది. మళ్లీ పడమటికి జరిపి, ఇక్కడ, రోహ్‌తంగ్ ఇక్కడే ఉంటుంది అని అరిచాను. సరే మేడం అంది. భయపడింది పాపం. నేను చెయ్యి తీసి బోర్డు వైపు తిరిగాను.

చాక్‌పీసు తీసుకుని వెనక్కి చూసేసరికి ఆమె మళ్లీ తూర్పుకు జరిగి నిలబడి ఉంది.